మంచులో షికారు

ఉర్దూ నుండి తెలుగులోనికి వచ్చిన మాటలలో "షికారు" ఒక విచిత్రమైన మాట. ఉర్దూలో దానికి వేట అని అర్థము. తెలుగులోనికి వచ్చేసరికి ఆ మాట తన తుపాకిని దారిలో ఎక్కడో పారవేసినది. సాయంత్రము చల్లగాలికి ట్యాంకుబండు మీద తిరిగి వచ్చినా మనకు అది షికారే. అచ్చమైన తెలుగు మాట "వేట" నడిచిన దారి మరొకటి. కోస్తా జిల్లాలలో మాంసపు అంగడికి వెళ్ళి "వేటమాంసము" అని అడిగితే మేకమాంసమో పొట్టేలు మాంసమో తూచి యిస్తారు. కొన్నవాడు వేటాడలేదు, అమ్మినవాడు వేటాడలేదు. మృగమును వెదకి, జాడ పట్టి, చంపి, చంపినదానికి తానే పూచీపడే పని మన జీవితములలో నుండి పోయినది. మాట మాత్రము సంచిలో పడి ఇంటికి వస్తున్నది.

ఈ సంగతి ఒకనాడు మా అధ్యాపకుల గదిలో ప్రస్తావనకు వచ్చినది. 2017 డిసెంబరులో నేను అమెరికా దేశములోని విస్కాన్సిన్ రాష్ట్రములో బంధువుల ఇంట కొన్ని వారములు ఉండి, అక్కడి రైతు ఒకరి వెంట జింకల వేటను చూడబోయిన వృత్తాంతమును చెబుతున్నాను. ఉర్దూ విభాగములోని నా మిత్రులు ఒకరు చివరిదాకా విని, టీ కప్పు కింద పెట్టి, ఇట్లు అన్నారు: "నెలరోజులుగా కడుపునిండా తిండి లేని ప్రాణి. మోకాలిలోతు మంచు. పరుగెత్తే సత్తువ లేదు, దాగుకొనేందుకు చెట్లకు ఆకు లేదు. అటువంటి దానిని పొలముగట్టున కూర్చుండి కాచుకొని చంపుట ఏమి మగతనము, జనాబ్?"

ఆ ప్రశ్నకు అప్పుడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోయాను. ఆ సమాధానమే ఈ వ్యాసము. మగతనము అందులో లేదనుటలో మా మిత్రుని మాట నిజము. కాని మగతనము లేని పనులన్నియు పాపములని నేను ఒప్పుకొనను. మంచుకాలపు చివరి వేట ఒక బాకీ తీర్చుట వంటిది. ఆ బాకీని సరిగా తీర్చేవారున్నారు, ఎగవేసేవారున్నారు. నా అభ్యంతరమంతయు ఆ రెండవవారి మీదనే.

ముందుగా ఆ జంతువును గూర్చి రెండు మాటలు చెప్పాలి. ఇది తెల్లతోక జింక. బెదిరినప్పుడు తోక పైకెత్తుతుంది, దాని అడుగుభాగము తెల్లజెండా వలె మెరుస్తుంది. మన కృష్ణజింకకు జీవితాంతము ఒకే కొమ్ములు. తెల్లతోక జింకలలో మగవాటి కొమ్ములు మాత్రము మన చుక్కల దుప్పి కొమ్ముల వలె రాలిపోయి మరల మొలుస్తాయి. ఉత్తరాది రాష్ట్రములలో నవంబరు నడిమి రోజులు వాటికి జతకట్టు కాలము. ఆ రోజులలో మగజింక తిండి మరచి తిరుగుతుంది. ఆ కొద్ది వారములలోనే తన బరువులో అయిదవ వంతు వరకు పోగొట్టుకొంటుంది. ఎముకలు తేలిన ఒంటితో అది డిసెంబరులో ప్రవేశిస్తుంది. ఇక అప్పటినుండి మార్చి వరకు కొమ్ములు ఒక్కొక్కటిగా రాలుతాయి.

చలికాలమునకు ఆడజింకలు మాత్రము కొవ్వు నిలువచేసికొని సిద్ధముగా ఉంటాయి. ఆ కొవ్వే వాటి ధాన్యపు గాదె. చలి ముదిరినకొలది జింక తిండి తగ్గిస్తుంది, తిరుగుట తగ్గిస్తుంది, గడ్డి దొరకనప్పుడు చెట్ల లేతకొమ్మల చివరలు కొరికి కాలక్షేపము చేస్తుంది. వెండ్రుకలు లోన బోలుగా ఉండుటచేత ఒంటి వేడి బయటికి పోదు. మంచు కురుస్తూ ఉండగా పడుకొన్న జింక వీపు మీద ఆ మంచు కరగక అట్లే పేరుకొని ఉంటుంది. ఉత్తర భాగములో మంచు మరీ లోతైనప్పుడు అవి సీడారు, హెమ్‌లాకు వంటి ఎప్పుడును ఆకు రాల్చని చెట్ల క్రింద గుంపుగా చేరుతాయి. తామే నడచి నడచి త్రొక్కిన దారులలో తిరుగుతూ శీతకాలము గడుపుతాయి. అటువంటి చోటును అక్కడివారు "యార్డు" అంటారు. మన మాటలో అది దొడ్డి. కాని ఆ దొడ్డిలో గడ్డి వేసేవాడు లేడు. అందిన కొమ్మలన్నీ అయిపోయిన తరువాత, మెడ చాచినా అందని ఎత్తున ఆకులుండగా, పిల్లలు ముందుగా చనిపోతాయి.

విస్కాన్సిన్ రాష్ట్రపు అధికారులు చలి తీవ్రతను లెక్కకట్టే పద్ధతి ఒకటి ఉన్నది. డిసెంబరు 1 నుండి ఏప్రిల్ 30 వరకు, నేలమీద మంచు 18 అంగుళములు గాని అంతకు మించి గాని ఉన్న ప్రతి దినమునకు ఒక పాయింటు. ఉష్ణోగ్రత సున్న ఫారెన్‌హీట్‌కు, అనగా మన లెక్కలో మైనస్ 18 డిగ్రీలకు, పడిపోయిన ప్రతి దినమునకు ఇంకొక పాయింటు. మొత్తము 50 లోపు ఉంటే తేలికపాటి చలికాలము. 100 దాటితే మహా తీవ్రమైనది. రాబోయే వేటకాలమున ఎన్ని జింకలను చంపనియ్యవచ్చునో నిర్ణయించుటలో ఈ లెక్కకు పాలుండుట నాకు నచ్చినది. చంపేందుకు అనుమతి ఇచ్చే ప్రభుత్వము మృగమునకు ఎంత కష్టము కలిగినదో ముందుగా లెక్కించుట న్యాయము.

అసలు చంపుట ఎందుకు అన్నది మా మిత్రుని ప్రశ్నలోని మర్మము. పందొమ్మిదవ శతాబ్దపు చివరకు అమెరికాలో తెల్లతోక జింకలు మూడు నుండి అయిదు లక్షలే మిగిలినవని అంచనా. మాంసము, చర్మము అమ్ముకొనేవారి తుపాకులు వాటిని అంతవరకు తెచ్చినవి. 1900లో లేసీ చట్టము వచ్చి, దొంగగా చంపిన వన్యమృగములను ఒక రాష్ట్రము నుండి మరొక రాష్ట్రమునకు తరలించి అమ్ముటను నేరము చేసినది. 1937లో మరొక చట్టము వేట తుపాకుల మీద, తూటాల మీద పన్నును వన్యప్రాణి సంరక్షణకే ఖర్చు చేయాలని శాసించినది. జింకలు తిరిగి పెరిగినవి. ఈనాడు మూడు కోట్లకు అటు ఇటుగా ఉన్నవని చెబుతారు. అయితే ఆ మధ్యకాలములో తోడేళ్ళను మాత్రము మిగల్చలేదు. చంపినవారికి బహుమానము ఇచ్చి మరీ చంపించినారు. విస్కాన్సిన్‌లో ఆ బహుమానము 1957 వరకు నడిచినది. 1960 నాటికి ఆ రాష్ట్రములో తోడేలు లేదు. తరువాత పొరుగు రాష్ట్రము నుండి కొన్ని తిరిగి వచ్చినవి గాని, పాడిపొలాలు నిండిన దక్షిణ భాగములో వాటికి తావు ఎక్కడిది?

తోడేలును చంపినవాడు తోడేలు పనిని నెత్తిన వేసికొన్నాడు. నేను బాకీ అన్నది దీనినే.

ఈ మాటను గట్టిగా చెప్పి తిట్లు తిన్న మహనీయుడు ఆల్డో లియోపోల్డ్. యౌవనములో అరిజోనా అడవులలో ఉద్యోగము చేస్తూ తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతాయని, అదే వేటగాండ్ర స్వర్గమని నమ్మి, తానే తోడేలును కాల్చినవాడు. అదే రాష్ట్రములోని కైబాబు పీఠభూమిలో 1906లో జింకలకు అభయారణ్యము ఏర్పరచి, క్రూరమృగములను ఏరివేయగా, 1920వ దశకము నడుమ శీతకాలములలో జింకలు ఆకలితో మాడి చచ్చినవి. ఎన్ని పెరిగినవి, ఎన్ని చచ్చినవి అన్న లెక్కలపై పండితులలో ఈనాటికిని వివాదమున్నది. కొరికిన చెట్లను గూర్చి మాత్రము అంత వివాదము లేదు. లియోపోల్డ్ 1933 నుండి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. ఆ రాష్ట్రపు ఉత్తర భాగములో మంచు దొడ్లలో చచ్చిపడిన జింకలను చూచిన తరువాత, ఆడజింకలను కూడ వేటాడనియ్యక తప్పదని ఆయన వాదించినాడు.

1943లో ప్రభుత్వము ఆ సలహాను ఆచరించినది. ఆ ఒక్క కాలమున సుమారు 1,28,000 జింకలు చంపబడినవి. ప్రజలు మండిపడినారు. "43 నాటి నేరము" అని దానికి పేరు పెట్టినారు. లియోపోల్డ్‌ను దూషించుటకే అన్నట్లు ఒక పత్రిక కూడ వెలువడినది. ప్రభుత్వము వెనుకకు తగ్గి, మరుసటి సంవత్సరము నుండి కొన్నేళ్ళపాటు మరల మగజింకలనే వేటాడనిచ్చినది. ఆయన 1948లో మరణించినాడు. తోడేలును కాల్చిన వృత్తాంతమున్న ఆయన గ్రంథము మరుసటి యేడు అచ్చయినది. ఆనాడు ఆయనను తిట్టినవారు కఠినహృదయులు కారు. "తల్లిని చంపరాదు" అన్న సామాన్యమైన దయతోనే తిట్టినారు. ఆ దయ మంచు దొడ్డి దాకా నడచి వెళ్ళి చూడలేదు, అంతే.

ఇక చివరి వేట సంగతి. నవంబరు చివరి వారములో తొమ్మిది దినములపాటు జరిగే పెద్ద వేట విస్కాన్సిన్‌లో ఒక జాతర వంటిది. అయిదు లక్షలకు పైగా జనము తుపాకులతో అడవికి, పొలములకు వెళతారు. అది ముగిసిన తరువాత మిగిలేవారు కొద్దిమంది. మూతి నుండి మందు కూరే తుపాకులకు కొన్ని దినములు, కొమ్ములు లేని జింకలకు కొన్ని దినములు అని డిసెంబరులో చిన్న చిన్న గడువులు పెడతారు. అయోవా రాష్ట్రములో ఇటువంటిది జనవరి రెండవ వారము దాకా సాగుతుంది. పెన్సిల్వేనియాలో 1974 నుండి క్రిస్మస్ తరువాత చెకుముకి తుపాకుల వేట ఒకటి ఉన్నది. రాతి నిప్పురవ్వతో పేలే ఆ పాతకాలపు తుపాకికి ఒక్కటే గుండు. మంచుతడి సోకితే అదియు పేలదు. అక్కడివారు ఆ నియమమును తెలిసి తెలిసి తమ మీద పెట్టుకొన్నారు. వేగము, దూరము మనిషి చేతిలో నుండి తీసివేసి, జింకకు కొంత తిరిగి ఇచ్చుట అందులోని ఉద్దేశ్యమని నేను అనుకొంటాను.

నేను చూచినది విస్కాన్సిన్‌లో, మేడిసన్ పట్టణమునకు పడమటనున్న ఒక జిల్లాలో, డిసెంబరు 24 నుండి జనవరి 1 వరకు జరిగే వేట. కొమ్ములు లేని జింకలను మాత్రమే కొట్టవలెను. మూడు అంగుళముల కొమ్ము ఉన్నా ముట్టరాదు. ఆ రైతు అరువది దాటినవాడు. కోత అయిపోయిన మొక్కజొన్న చేను అంచున, పడిన చెట్టు మాను వెనుక నన్ను తన పక్కనే కూర్చుండబెట్టినాడు. ఇద్దరికిని నిప్పు వంటి నారింజరంగు కోట్లు. ఒకరి గుండుకు ఒకరు బలి కాకుండ 1980 నుండి ఆ రాష్ట్రములో ఆ రంగును తప్పనిసరి చేసినారు. జింక కంటికి ఆ రంగు మన కంటికి వలె మండదు, కనుక వేటకు నష్టము లేదు. ఆ వారము చలిని వర్ణించుటకు నా వద్ద మాటలు లేవు. కనురెప్పల వెండ్రుకలు అంటుకొనిపోయినవి అంటే చాలును.

అంత చలి ఉన్నందుననే జింకలు పగలు మిగిలియుండగానే వస్తాయని ఆ రైతు చెప్పినాడు. రాత్రి ఇంకను చల్లబడుతుంది, కనుక సూర్యాస్తమయమునకు ముందే చేనులో రాలిన గింజలకు దిగుతాయి. అక్కడ ఆ రోజులలో ప్రొద్దు నాలుగున్నరకే క్రుంకుతుంది. నాలుగు గంటలకు ముందు ఒక ఆడజింక, దాని వెనుక రెండు కూనలు వచ్చినవి. కాళ్ళతో మంచును గీకి గింజలు ఏరుకొంటున్నవి. ఆయన తుపాకి ఎత్తి, చాలసేపు చూచి, దించినాడు. ఎందుకని తరువాత అడిగాను. జింక మన వైపు తిరిగి నిలిచినది, పక్క చూపలేదు, గుండు సరిగా తగిలే వీలు లేదు అన్నాడు. దయ వలన కాదా అని అడగబోయి మానుకొన్నాను. ఆ రెండింటికిని నడుమ ఉన్న తేడా ఆయనకు తోచినట్లు లేదు.

ఇంతలో పక్క చేనులో తుపాకి పేలినది. పొరుగువాని వేట అది. మేము వెళ్ళేసరికి అతడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. కొట్టాను గాని తప్పినట్లున్నది, నెత్తురు లేదు, చీకటి పడుతున్నది, ఉన్నా రేపటికి కయోటీలు తింటాయి, పోదాము అన్నాడు. కయోటీ మన గుంటనక్క వంటి జంతువు. రైతు ఏమియు అనలేదు. టార్చిలైటు తీసి జింక నిలిచిన చోటికి నడిచినాడు. మంచులో నాలుగు గిట్టల గుర్తులు ఒక్కసారిగా చెదరిన చోటు, అక్కడ కొన్ని వెండ్రుకలు. ఇరువది అడుగుల వరకు ఏమియు లేదు. తరువాత ఒక చుక్క.

ఆ చుక్కను చూచి ఆయన చెప్పిన సంగతులు నాకు మరువరానివి. లేత ఎరుపున నురుగు ఉంటే గుండు ఊపిరితిత్తులకు తగిలినది, జింక దగ్గరలోనే పడి ఉంటుంది. చిక్కని ముదురు ఎరుపు అయితే కాలేయము. పచ్చని నీరు, తిన్న ఆకు కలిసి ఉంటే పొట్ట. పొట్టకు తగిలిన దానిని వెంటనే తరుమరాదు. తరిమితే ప్రాణభయముతో మైళ్ళు పోతుంది, ఆ బాధ రెట్టింపు అవుతుంది. గంటల కొలది ఆగి, అది పడుకొన్న చోటనే ప్రాణము విడిచే వ్యవధి ఇయ్యాలి. అక్కడ పడినది ముదురు ఎరుపు. తుపాకులు ఖాళీ చేసి, మోటారులో కూర్చుండి, ఒక గంట ఆగినాము. ఆ గంటసేపు పొరుగువాడు ఇంటికి పోయే మాట ఎత్తలేదు. ఎత్తుటకు వీలులేని మౌనముతో రైతు కూర్చున్నాడు.

తరువాత రెండు గంటల నడక. ముండ్లకంప, గడ్డకట్టిన వాగు, మరల కంప. మంచు లేని నేల మీద ఆ జాడను ఆ చీకటిలో ఎవరును పట్టలేకపోయేవారు. మంచు ఉండుట వలన ప్రతి చుక్క, ప్రతి తూలు, అది పడుకొని లేచిన ప్రతి చోటు రాసిపెట్టినట్లు ఉన్నది. ఎండిన నేల మీద "తప్పినది" అని నమ్మవచ్చును, నమ్మినట్లు నటించవచ్చును. మంచులో ఆ అవకాశము లేదు. చివరికి ఎర్ర సీడారు చెట్టు క్రింద ముడుచుకొని ఉన్నది, చల్లబడినది. రైతు మోకాళ్ళ మీద కూర్చుండి తల మీద చేయి వేసి చూచి, టార్చి దగ్గరగా పట్టినాడు. చెవుల నడుమ రెండు గుండ్రని పచ్చి గాయములు. అది ఆడది కాదు, కొద్ది దినముల క్రితమే కొమ్ములు రాల్చిన మగజింక. చట్టము దృష్టిలో తప్పు లేదు, కొమ్ములు లేవు కదా. వేట ఉద్దేశ్యము దృష్టిలో మాత్రము గుండు వ్యర్థము. ఒక మగజింక తగ్గినంత మాత్రమున మరుసటి వసంతములో ఒక్క కూనయు తగ్గదు.

ఇప్పుడు నా అభిప్రాయములు చెబుతాను. నేను తుపాకి ఎత్తినవాడను కాను, ఎత్తను. అయినను చూచినవానికి మాట్లాడే హక్కు కొంత ఉన్నది.

మొదటిది, తేదీలను గూర్చి. తెల్లతోక జింక గర్భము సుమారు ఆరున్నర నెలలు. నవంబరులో చూలు నిలిచి మే చివర, జూన్‌లో ఈనుతుంది. బాగా తిన్న పెద్ద జింకకు తరచు కవలలు. కాబట్టి డిసెంబరు చివర చంపబడే ఆడజింక చూలుతో ఉన్నదే. లెక్కల పండితుడు దీనికి వెంటనే సమాధానము చెబుతాడు: అక్టోబరులో చంపినా, డిసెంబరులో చంపినా వచ్చే వసంతమున తగ్గేది అదే సంఖ్య, తేడా లేదు అని. లెక్క సరియే. కాని ఆ జింక పొట్ట చీల్చేవాడు లెక్కను చీల్చుట లేదు. చూచిన చేయి తెలిసికొంటుంది. ఆ తెలివిడిని భావుకత అని కొట్టివేయుట నాకు సమ్మతము కాదు. ఆడజింకలను తగ్గించవలసి ఉంటే ఆకులు రాలే కాలమున, జతకట్టుటకు ముందే, ఎక్కువ అనుమతులు ఇచ్చి ఆ పని ముగించాలి. అది సరిపోనిచోటనే, కొత్త సంవత్సరము దాటకుండ, చివరి గడువు పెట్టాలి. కూనలు తల్లి పాలు మాని స్వతంత్రముగా మేయుట డిసెంబరుకు జరిగి ఉంటుందని, అందుచేత ఆలస్యమే దయ అని ఎదురువాదము ఉన్నదని నాకు తెలుసు. ఆలోచించదగిన వాదమే. అయితే అక్టోబరు చివరకే కూనలు చాలవరకు పాలు మానుతాయి గదా.

రెండవది ఎర కుప్పలు. దీనిపై నాకు సందేహము లేదు. ఆకలితో ఉన్న మృగమునకు మొక్కజొన్న గుట్ట పోసి, తిననిచ్చి, అలవాటు చేసి, ఆ గుట్ట దగ్గర కాల్చుట వేట కాదు. అన్నము పెట్టిన చేతితో చంపుటకు మన భాషలో ఉన్న పేరు వేరు. పైగా అది తిండి కూడ కాదు. చలికాలమున జింక పొట్టలోని సూక్ష్మజీవులు కట్టెపుల్లల వంటి మేతకు అలవాటుపడి ఉంటాయి. హఠాత్తుగా గింజలు మింగితే పొట్టలో ఆమ్లము పెరిగి, నిండిన కడుపుతోనే చచ్చిపోతుంది. దయతో దాణా వేసేవారు సైతము ఇట్లే చంపుతున్నారు. ఇది చాలనట్లు, జింకలను శుష్కింపజేసి చంపే ఒక వ్యాధి, 1967లో కొలరాడోలో మొదట గుర్తించినది, 2002లో విస్కాన్సిన్‌లో బయటపడినది. మందు లేదు. ఒకే గుట్టలో పది మూతులు పెడితే అది వ్యాపించుటకు అనువు. వ్యాధి ఉన్న జిల్లాలలో ఎర కుప్పలను నిషేధించినారు. మిగిలినచోట రెండు గ్యాలన్ల వరకు పోయవచ్చునని నియమము పెట్టినారు. రెండు గ్యాలన్ల అధర్మము ధర్మమెట్లగును?

మూడవది మంచు దొడ్లు. జింకలు తలదాచుకొన్న చోటికి మనుషులు వరుసగా నడచి వెళ్ళి, వాటిని లేపి, అవతల కాచుకొన్న తుపాకుల మీదికి తోలుట మంచు లోతుగా ఉన్నప్పుడు పూర్తిగా మానవలెను. చచ్చినవి చావగా, బ్రదికినవి పరుగెత్తి పోగొట్టుకొన్న కొవ్వును మార్చి దాకా తిరిగి సంపాదించలేవు. చేను అంచున కూర్చుండి కాచుటను మా మిత్రులు పిరికితనమన్నారు. నాకు మాత్రము అదే మేలుగా తోచినది. కొట్టని జింకకు దానివలన హాని లేదు.

నాలుగవది చెప్పనక్కరలేదు, ఆ రాత్రి నడకను గూర్చి చెప్పాను. గాయపడిన మృగమును వెదకుట అనేక రాష్ట్రములలో చట్టరీత్యా విధి. కాని చీకటిలో, చలిలో, ఎవరూ చూడని వాగు దగ్గర, పోలీసు రాడు.

ఇది చదివి మన విద్యార్థులు ఎవరైనను మన దేశములోను ఇట్లే చేయవచ్చునని తలచరాదు. మన వద్ద 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉన్నది. దానిలో మొదట కొన్ని మృగములకు లైసెన్సుతో వేట ఉండగా, 1991 సవరణ దానిని కూడ ఎత్తివేసినది. అది మనకు తగిన చట్టము. నల్లమలలో చుక్కల దుప్పిని తగ్గించుటకు పులి ఉన్నది, చిరుత ఉన్నది, రేచుకుక్కల గుంపులున్నవి. మనము ఇంకను ఆ బాకీలో పడలేదు. నిజాము కాలమున వేటభూమిగా ఉండి, నేడు కృష్ణజింకల జాతీయ ఉద్యానముగా ఉన్న మహావీర్ హరిణ వనస్థలి మన నగరపు అంచుననే ఉన్నది. చుట్టూ ఇండ్లు మూసికొన్న ఆ కొద్దిపాటి నేలలో మంద పెరిగితే దానిని ఎట్లు చూచుకోవాలన్న ప్రశ్న మనకు రావచ్చును. తుపాకి దానికి సమాధానము కాదు గాని, "మనకు ఆ సమస్యయే లేదు" అన్నదియు సమాధానము కాదు.

ఆ జింక సంగతి చెప్పి ముగిస్తాను. ఆ జిల్లాలో వ్యాధి ఎక్కువ. చుట్టుపక్కల కొన్నిచోట్ల పెద్ద మగజింకలలో మూడింట ఒక వంతుకు మించి సోకియున్నదని చెప్పుకొన్నారు. మెడతో కూడ తలను కోసి, చీటీ కట్టి, పరీక్షకై రోడ్డు పక్క పెట్టెలో వేసినారు. మాంసమును పొరుగువాడు, రైతు ఇద్దరును ఆ రాత్రియే కోసి, కాగితములలో చుట్టి, ఫలితము వచ్చేదాకా తినకుండ శీతలపెట్టెలో ఉంచినారు. నేను హైదరాబాదు తిరిగి వచ్చిన తరువాత మా బంధువులు ఫోనులో చెప్పినారు: వ్యాధి ఉన్నదని తేలినది, మాంసమంతయు పారవేసినారు.

ఇది విని మా ఉర్దూ విభాగపు మిత్రులు, "తినుటకు పనికిరాని దాని కొరకు, తాను కొట్టని దాని కొరకు, ఆ ముసలాయన మూడు గంటలు ఆ చలిలో ఎందుకు తిరిగినట్లు?" అన్నారు. ఆ ప్రశ్నను ఆ రైతును నేను అడగలేదు. అడిగియుంటే ఆయనకు అర్థమయ్యేది కాదేమో.